కడుపులో గడ్డ

2024 డిసెంబరులో మా కళాశాల విద్యార్థులు 42 మందిని వెంటబెట్టుకొని నాగార్జునసాగరుకు విహారయాత్ర వెళ్ళినాము. తోడుగా ఉర్దూ అధ్యాపకులొకరు, గ్రంథాలయ ఉద్యోగి ఒకరు వచ్చినారు. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలు, గురజాల, ఎండలకు పేరుపడిన రెంటచింతల, మాచర్ల దాటి, సాగరు ఇంకను 11 కిలోమీటర్లున్నదనగా బస్సు ఎత్తిపోతల వద్ద ఆగినది. చంద్రవంక, నక్కలవాగు, తుమ్మలవాగు కలిసి దాదాపు 70 అడుగుల ఎత్తునుండి లోయలోనికి దుముకు చోటు అది. పైన నిలిచి చూచుటకు పర్యాటకశాఖ వారి ఏర్పాటున్నది. క్రిందికి మెట్లున్నవి. మొసళ్ళున్న మడుగు గనుక ఎవరును నీటిలో దిగరాదని బస్సులోనే రెండుసార్లు హెచ్చరించినాము.

యతి తపస్సు చేసిన స్థలమగుటచే ఈ పేరు వచ్చినదని కొందరు చెప్పుదురు. తెలుగు పాఠము చెప్పి బ్రతుకువారము గనుక మాకు ఆ వ్యుత్పత్తి మీద నమ్మకము లేదు. నీరు ఎత్తి పోసినట్లు పడుచున్నది, అంతే. ఈ సంగతినే పిల్లలకు వివరించుచు మెట్లు దిగినాము. ఎక్కునప్పుడు మాత్రము వివరించుటకు ఏమియు మిగులలేదు. సగము మెట్లయినను కాకమునుపే రొమ్ము నడుమ ఎవరో అరచేతితో అదిమిపట్టినట్లయినది. ఆ పట్టు ఎడమ దవడ వరకు లాగినది. డిసెంబరు చలిలో చొక్కా తడిసిపోయినది. మెట్టు మీద కూర్చుండిపోయినాము.

పిల్లలు కేరింతలు కొట్టుచు మమ్ము దాటిపోయినారు. ఒక విద్యార్థి మాత్రము నీళ్ళసీసా పట్టుకొని ఆగి, "ఏమయింది సార్?" అని అడిగినాడు. "ఏమీ లేదు నాయనా, రాత్రి నిద్ర లేదు" అన్నాము. పది నిమిషములకు నొప్పి తగ్గినది. లేచి, బస్సెక్కి, సాగరు ఆనకట్టను కూడ చూచి వచ్చినాము.

నిద్ర లేదన్నది చిన్న అబద్ధము. దాని వెనుక పదమూడేండ్లనాటి పెద్ద అబద్ధమొకటి కలదు. దానిని చెప్పుటకే ఈ వ్యాసము. ఇందులో 'మేము' అని వ్రాయుట ఈ పత్రికలో అధ్యాపకుల వ్యాసములకు అలవాటైన పద్ధతి. ఈసారి ఆ పద్ధతి ఉన్నందుకు సంతోషించుచున్నాము. 'నేను' అని మొదలుపెట్టిన కాగితములు రెండు చించివేసినాము.

2011లో మేము ఎం.ఏ. రెండవ సంవత్సరము చదువుచుంటిమి. వయస్సు 23. ఒకనాడు హాస్టలులో స్నానము చేయునప్పుడు కుడి వృషణము మీద శనగగింజంత గట్టితనము చేతికి తగిలినది. నొప్పి లేదు. నొప్పి లేనిది రోగమెట్లగును? పైగా ఎవరితో చెప్పుట? అబ్బా అప్పటికి నాలుగేండ్ల క్రిందటనే గుండెపోటుతో, 52 ఏండ్లకు, కాలము చేసినారు. అమ్మీతో చెప్పు మాట కాదు. మిత్రులతో చెప్పిన హాస్యమగును. మందుల దుకాణములో పేరు చెప్పకుండ ఒక లేపనము కొని పూసినాము. మూడు నెలలు గడిచినవి. శనగగింజ నిమ్మకాయ అయినది. నడకలో తేడా గమనించి గదిలోని మిత్రుడొకడు నిలదీసి అడిగినాడు, మరునాడే గుంటూరు తీసికొనిపోయినాడు. అతనికి మేము ఇంతవరకు కృతజ్ఞత కూడ సరిగా చెప్పలేదు.

శస్త్రవైద్యుడు చేతితో తడిమి చూచిన క్షణముననే ఆయన ముఖము మారినది. అదే దినము స్కానింగు, రక్తపరీక్షలు. మూడవ దినమున గజ్జలలో కోసి ఆ వృషణమును తీసివేసినారు. అది క్యాన్సరే. కడుపు వెనుక, వెన్నెముక ప్రక్కన ఉండు లింఫు గ్రంథులకు కూడ ప్రాకినదని సి.టి. స్కానింగులో తేలినది.

అమ్మీకి విషయమంతయు చెప్పక తప్పలేదు. ఆమె ఏడ్వలేదు. చాలసేపు తస్బీహ్ త్రిప్పుచు కూర్చుండి, చివరకు, "బేటా, ఎవరడిగినా పేట్ మే గాంఠ్ అని చెప్దాం" అన్నది. కడుపులో గడ్డ. గ్రంథులు కడుపులోనే ఉన్నవి గనుక అది పూర్తిగా అబద్ధము కూడ కాదు. అర్ధసత్యము తోడున్న అబద్ధమునకు ఆయుస్సు హెచ్చు. ఆనాటి నుండి మా వీధి, మా మహల్లా, మా బంధువులు అందరికిని మాకు వచ్చినది కడుపులో గడ్డ. కొంతకాలమునకు మాకే అట్లు చెప్పుట అలవాటైపోయినది.

చికిత్స ఆరోగ్యశ్రీ కార్డు మీద జరిగినది. 2007లో ఆ పథకము రాకపోయినచో మా కుటుంబమునకు ఉన్న ఒక్క ఇల్లు నిలిచెడిది కాదు. బ్లియోమైసిన్, ఎటోపొసైడ్, సిస్‌ప్లాటిన్ అను మూడు మందులు. మూడు వారములకొక విడత చొప్పున మూడు విడతలు. సిస్‌ప్లాటిన్ ఎక్కించు అయిదు దినములును మూత్రపిండములు చెడకుండ సెలైన్ సీసాలు ఒకదాని వెంట ఒకటి ఎక్కించెడివారు. ఆ వాంతులను గురించి వ్రాయము. ఒక్క సంగతి చెప్పిన చాలును. ఆ వార్డులో ఫినాయిల్ వాసన ఎంతగా మనస్సులో నాటుకొన్నదనగా, నేటికిని కళాశాల వరండాలు కడుగు దినమున మేము మొదటి గంటకు రెండు నిమిషములు ఆలస్యముగా లోనికి పోవుదుము.

రెండవ విడత నడుచుచున్నప్పుడు, 2012 ఫిబ్రవరిలో, యువరాజ్ సింగుకు క్యాన్సరను వార్త దేశమంతయు మ్రోగినది. అంతకు ముందు సంవత్సరమే ప్రపంచకప్పులో అత్యుత్తమ ఆటగాడు. అతనికి గడ్డ రొమ్ములో, రెండు ఊపిరితిత్తుల నడుమ వచ్చినది. కాని అది మా గడ్డ జాతిదేనని, బీజకణముల నుండి పుట్టినదేనని, వార్డులో కుర్ర డాక్టరొకరు చెప్పినారు. యువరాజు అమెరికాలో చికిత్స పొంది, ఆ సంవత్సరము సెప్టెంబరులోనే చెన్నపట్టణములో న్యూజీలాండు మీద మరల బ్యాటు పట్టినాడు. మాకు ఎంత ధైర్యము వచ్చినదో చెప్పలేము. కాని ఒక్క అసూయ కూడ కలిగినది. అతని గడ్డ నలుగురిలో చెప్పుకొనదగిన చోట వచ్చినది.

గడ్డలు కరిగిపోయినవి. "అయిదేండ్లు క్రమముగా వచ్చి చూపించుకోండి. తరువాత భయం లేదు" అన్నారు. మూడేండ్లు పోయినాము. ఉద్యోగము వచ్చిన తరువాత మానివేసినాము. సెలవు చీటిలో కారణమేమని వ్రాయుట? తప్పు మాదే. అయితే ఒక్క మాట. తరువాతి ఇరువది ముప్పది ఏండ్లలో శరీరములో దేనిని కనిపెట్టి ఉండవలెనో ఆ ఆసుపత్రివారు నోటితోనైనను చెప్పలేదు, కాగితము మీదనైనను వ్రాసి ఇయ్యలేదు. క్యాన్సరు మరల వచ్చుటయే భయమని, అది రాకున్న అంతయు ముగిసినదని వారును అనుకొన్నారు, మేమును అనుకొన్నాము.

నిఖా మాటలప్పుడు అమ్మీ పెండ్లికూతురి వారికి కూడ కడుపులో గడ్డ అనియే చెప్పినది. మాకు మనసొప్పక మామూ ద్వారా అసలు సంగతి కబురు పంపినాము. సంబంధము తప్పిపోవుననుకొన్నాము. తప్పిపోలేదు. మాకిప్పుడు అయిదేండ్ల పాప. చలికాలములో వ్రేళ్ళ చివరలు తెల్లబడి సుద్దముక్క జారిపోవుట, నిశ్శబ్దములో చెవులు గుయ్యిమనుట మాత్రము ఆ మందుల గుర్తులుగా మిగిలినవి. పరీక్షల గదిలో పర్యవేక్షణ చేయునప్పుడు మేము ఊరక తల విదిలించుట చూచి పిల్లలు నవ్వుకొనుట మేమెరుగుదుము.

ఎత్తిపోతల నుండి వచ్చిన అయిదవ దినమున, మా ఇంటిలో బలవంతము మీద, నరసరావుపేటలో ఒక డాక్టరు వద్దకు పోయినాము. రక్తపోటు 160కి 100. ఇ.సి.జి.లో చెప్పదగిన తేడా లేదు. "పొగ త్రాగుతారా?" లేదు. "షుగరు?" లేదు. "మునుపు పెద్ద జబ్బేదైనా?" మా నోరు తనంత తాను పలికినది. "చదువుకునే రోజుల్లో కడుపులో గడ్డకు చిన్న ఆపరేషను." ఆయన దానిని వ్రాసికొని, రక్తపరీక్షలు చేయించి రండని పంపినారు.

ఇంటికి వచ్చి జరిగినది చెప్పగానే మా ఆమె చేతిలోని అట్లకాడ ప్రక్కన పెట్టినది. "ఏమండీ, డాక్టరుతో కూడా అదే చెప్పారా? మీరు కడుపులో గడ్డ అంటే ఆయన కడుపుకే మందిస్తాడు" అన్నది. బీరువా పైనుండి ఆకుపచ్చ అట్టల ఫైలు దింపినది. పెండ్లినాటి నుండి ఆ ఫైలును ఆమెయే దాచినదని మాకా దినమునకు గాని తెలియలేదు. డిశ్చార్జి కాగితము మీద మందుల పేర్లు, మోతాదులు, తేదీలు అన్నియు ఉన్నవి.

డాక్టరు ఆ కాగితమును రెండుసార్లు చదివినారు. "మాస్టారూ, మొన్న ఇ.సి.జి. కంటే ఇది ఎక్కువ చెబుతోంది. దవడకు లాగే నొప్పితో బస్సెక్కి ఆనకట్ట చూసి వచ్చారా? ఆ మెట్ల మీంచే ఆసుపత్రికి రావలసింది" అని మందలించినారు. తరువాత కుర్చీ దగ్గరకు లాగుకొని అరగంట సేపు మాట్లాడినారు. బయట రోగులు గొణుగుచున్నారు. ఆయన లెక్కపెట్టలేదు.

ఆయన చెప్పినదానిని, ఆ వేసవి సెలవులలో మేము చదివి తెలిసికొన్నదానిని కలిపి వ్రాయుచున్నాము.

ముందు ఆ మందుల చరిత్ర. ఒకప్పుడు ఈ రోగము ఇతర భాగములకు ప్రాకిన తరువాత బ్రతికి బయటపడినవారు అరుదు. దీనిమీద మందులతో మొదటి గట్టిదెబ్బ తీసినవారిలో మిన్ చియూ లీ ఒకరు. చైనాలో పుట్టి అమెరికాలో పనిచేసిన వైద్యుడాయన. 1960లో ఆయన ప్రకటించిన మూడు మందుల కలయికలో ఒకటి మెథోట్రెక్సేట్. ఆ మందు లెడర్లీ ప్రయోగశాలలో పుట్టినది. పుట్టించిన బృందమునకు పెద్ద మన భీమవరములో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన 1948లోనే కన్నుమూసినారు. తన మందు ఈ రోగము మీద పనిచేయుట ఆయన చూడలేదు. తెలుగు పాఠ్యపుస్తకములలో సుబ్బారావుగారిని గురించి ఒక పాఠమున్నచో ఈ సంగతి కూడ అందులో ఉండవలెనని మా కోరిక.

సిస్‌ప్లాటిన్ కథ ఇంకను విచిత్రము. ఇటలీ రసాయన శాస్త్రజ్ఞుడు పెయ్‌రోన్ 1845లోనే ఆ పదార్థమును తయారుచేసినాడు. నూట ఇరువది ఏండ్లు అది అలమారలో పొడిగానే ఉన్నది. 1965లో మిషిగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయములో బార్నెట్ రోజెన్‌బర్గ్ విద్యుత్తు సూక్ష్మజీవుల మీద ఏమి చేయునో చూడవలెనని ప్లాటినం కడ్డీలు ముంచినాడు. సూక్ష్మజీవులు విభజనము మాని దారములవలె సాగిపోయినవి. విద్యుత్తు వలన కాదు, కడ్డీలనుండి కరిగిన ప్లాటినం వలన. కణవిభజనమును ఆపునది క్యాన్సరును కూడ ఆపవచ్చును గదా! 1974లో ఇండియానా విశ్వవిద్యాలయ వైద్యుడు లారెన్స్ ఐన్‌హార్న్, మరి దారి లేని జాన్ క్లీలాండ్ అను విద్యార్థికి దీనిని మరి రెండు మందులతో కలిపి ఇచ్చినాడు. ఊపిరితిత్తులలోని గడ్డలు రోజులలో మాయమైనవి. 1978లో అమెరికా ప్రభుత్వము ఆ మందును అనుమతించినది. యువరాజ్ సింగు సంప్రదించినదియు ఈ ఐన్‌హార్న్‌నే. నేడు ఈ క్యాన్సరు వచ్చినవారిలో నూటికి 95 మంది వరకు బ్రతుకుచున్నారు. కనుక మా మాటలు చదివి ఎవరును ఆ మందును నిందింపవలదు. అది లేనిచో ఈ వ్యాసము లేదు, మా పాప లేదు.

అయితే ప్లాటినం శరీరములోనికి వచ్చిన అతిథివలె తిరిగిపోవునది కాదు. చికిత్స ముగిసి పది, ఇరువది ఏండ్లు గడిచిన వారి రక్తములో కూడ దాని ఆనవాళ్ళున్నట్లు నెదర్లాండ్స్ వైద్యులు 2000లో ప్రకటించినారు. రక్తనాళముల లోపలి నున్నని పొర దెబ్బతినుట, మూత్రపిండములు కొంత నీరసించి రక్తపోటు పెరుగుట, కొలెస్టరాల్ హెచ్చుట, ఒక వృషణమే మిగిలినందున కొందరిలో పురుష హార్మోను తగ్గి నడుము చుట్టు కొవ్వు చేరుట, ఇవన్నియు ఒక్కొక్కటి చిన్నవే. ఏండ్ల తరబడి కలిసి పనిచేసినప్పుడు గుండెకు రక్తము తెచ్చు నాళములు ఇరుకైపోవును.

ఈ రోగము మన దేశములో లక్షమంది పురుషులకు ఏడాదికి ఒక్కటి కూడ పడదు. నార్వే, డెన్మార్క్ దేశములలో దానికి పదిరెట్ల వరకు ఉన్నది. అందుచేత లెక్కలన్నియు అటనుండియే వచ్చినవి. లండనులోని రాయల్ మార్స్‌డెన్ ఆసుపత్రివారు 992 మందిని పరిశీలించి, ఈ మందులుగాని రేడియేషనుగాని పొందినవారిలో గుండెజబ్బులు, శస్త్రచికిత్సతో సరిపోయినవారిలో కంటె రెట్టింపునకు పైగా ఉన్నవని 2003లో ప్రకటించినారు. నార్వేలో 2010లో వెలువడిన పరిశీలనలో మేము తీసికొన్న మూడు మందులే తీసికొన్నవారికి, శస్త్రచికిత్స మాత్రమే జరిగినవారికంటె గుండె ధమనుల జబ్బు 5.7 రెట్లు. డెన్మార్క్‌లో 5 వేల మందికి పైగా పరిశీలించి 2020లో ప్రకటించిన లెక్క వేరొక విధముగా నున్నది. చికిత్స మొదలైన తొలి సంవత్సరములో గుండెపోటు భయము ఆరు రెట్లు. పిదప సామాన్యులతో సమానము. పదేండ్లు దాటిన తరువాత మరల మెల్లగా సామాన్యులకంటె ఒకటిన్నర రెట్లకు దగ్గరగా.

ఒకరు 5.7 అని, ఒకరు ఒకటిన్నర అని చెప్పిన ఏది నమ్మవలెనని డాక్టరుగారిని అడిగినాము. "ఎవరితో పోల్చారో చూడండి మాస్టారూ. ఒకరు తోటి రోగులతో, ఒకరు ఊళ్ళో జనంతో. పైగా ఆ వయస్సులో గుండెపోటే తక్కువ. తక్కువకు ఎన్ని రెట్లయినా అది తక్కువే. ఎక్కువమందికి ఏమీ కాదు. కాని మీకు దాని మీద ఇంకొకటుంది" అన్నారు. ఆ ఇంకొకటి మన పుట్టుక. కేరళలో పుట్టి కెనడాలో స్థిరపడిన హృద్రోగ శాస్త్రజ్ఞుడు సలీం యూసుఫ్ నాయకత్వములో 52 దేశములలో జరిగిన ఇంటర్‌హార్ట్ పరిశోధన 2004లో వెలువడినది. దాని ప్రకారము దక్షిణాసియావారికి తొలి గుండెపోటు ఇతరులకంటె అయిదారేండ్లు ముందుగా, 53 ఏండ్లకే వచ్చుచున్నది. అబ్బా వయస్సు 52.

గుంటూరులో ఆంజియోగ్రాం చేసినారు. ఒక నాళము అరువది శాతము ఇరుకైనది. స్టెంటు అవసరము లేదు, మందులు చాలునన్నారు. ఇది సిస్‌ప్లాటిన్ పనియా, అబ్బా ఇచ్చిన వారసత్వమా, మా ఇంటి ఊరగాయ జాడీల పనియా అని అడిగినాము. విడదీసి చెప్పుట ఎవరివల్లను కాదన్నారు. ఒక్కటి మాత్రము గట్టిగా చెప్పినారు. పదేండ్ల క్రిందటనే ఎవరైన ఆ కాగితము చూచి, ఏటేట రక్తపోటు, కొలెస్టరాల్, చక్కెర కొలిచియున్నచో ఎత్తిపోతల మెట్ల మీద కూర్చుండవలసిన పని ఉండకపోవచ్చును. రక్తపోటు యంత్రము మా కళాశాలకు నాలుగడుగుల దూరములోనే ఉన్నది. పదేండ్లుగా మేము దానిముందునుండియే నడిచిపోవుచున్నాము.

పల్నాటి కారము జగమెరిగినది. దాని ప్రక్కన ఉప్పును ఎవరును గమనింపరు. గోంగూర పచ్చడి, మాగాయ, ఉప్పుమిరపకాయలు, వేయి అడుగులు నడిచినను దొరకని కూరగాయలు! మాకు ఉప్పు తగ్గించుట క్యాన్సరుకంటె కష్టముగా నున్నదని మా ఆమెతో అన్నాము. ఆమె నవ్వలేదు. ఇక పొగ. పొగాకు బోర్డు 1976లో పుట్టినది మన గుంటూరులోనే. ఆ పంట మీద చదువుకొన్న కుటుంబములు మనలో ఎన్నో కలవు. పంటను తప్పుపట్టము. కాని రెండవ గంట తరువాత కళాశాల వెనుక గోడవద్ద పొగ లేచుట మేమెరుగమని అనుకొనువారు దయతో ఈ పుట చదువవలెను. ఈ మందులు పొందినవారికి పొగ మరింత చేటు. పొందనివారికిని ఆ నాళములే.

ఈ వ్యాసము పత్రికలో వేయవచ్చునా అని సంపాదకవర్గములో చర్చ జరిగినదని విన్నాము. ఆడపిల్లలు కూడ చదువు పత్రిక, పెద్దలు చూచు పత్రిక. ఆ సందేహమును మేము తప్పుపట్టము. పదమూడేండ్లు మేమే దానిని మోసినాము. విహారయాత్రకు వచ్చిన ఉర్దూ అధ్యాపకులు మాత్రము సమావేశములో, "షరా మే శరమ్ క్యా?" అని ఒక్క మాట అన్నారట. ధర్మము తెలిసికొనుటకు సిగ్గేల అని ఆ సామెతకు అర్థము. శరీరము అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్తు అని ఖుత్బాలలో వినుచునే ఉన్నాము. అమానత్తును భద్రపరచువాడు దానిలో ఏమున్నదో చూచుకొనవద్దా? హయా వేరు, దాచుట వేరు. ఈ రెంటికి నడుమ గీత ఎక్కడున్నదో మేము చాల ఆలస్యముగా గుర్తించినాము.

కమిటీ పెద్దలకు ఒక మనవి. ఏడాదికొకసారి మగపిల్లలకు పురుష వైద్యుని చేతను, ఆడపిల్లలకు స్త్రీ వైద్యురాలి చేతను వేరువేరుగా గంటసేపు మాట్లాడించుటకు అనుమతింపవలెను. పదునైదు నుండి ముప్పది అయిదేండ్ల నడుమ మగవారికి ఈ గడ్డ వచ్చుట హెచ్చని, నొప్పి లేకపోవుటయే దాని గుర్తని, స్నానవేళ నెలకొకసారి తడిమి చూచుకొనుటలో తప్పు లేదని చెప్పుటకు పది నిమిషములు చాలును. రక్తపోటు యంత్రమొకటి కొనుటకు మేము మా వంతు ఇచ్చుకొందుము. ఇక ఏ పెద్ద చికిత్స జరిగినను, మందుల పేర్లు మోతాదులున్న కాగితమును పారవేయక దాచుడని విద్యార్థులందరికిని చెప్పుచున్నాము. మా ఇంటిలోవలె దాచువారు అందరికిని దొరకరు.

వేసవి తరువాత కళాశాల తెరచిన రెండవ వారములో, మూడవ సంవత్సరము మగపిల్లల తరగతిలో పాఠము ఆపి ఈ కథ చెప్పినాము. మొదట వెనుక బల్లలలో నవ్వులు. కొంతసేపటికి నవ్వులు లేవు. గంట మ్రోగినది, అందరును వెళ్ళినారు. ఎత్తిపోతల మెట్ల మీద నీళ్ళసీసాతో ఆగిన ఆ విద్యార్థి మాత్రము అధ్యాపకుల గది తలుపు బయట నిలుచుండెను. లోనికి రమ్మన్నను రాలేదు. చివరకు నేల చూపులు చూచుచు, "సార్, గుంటూరులో ఆ డాక్టరు ఏ రోజు చూస్తారు?" అని అడిగినాడు.

ఎవరికని మేమడుగలేదు. మరునాటి తెల్లవారుఝాము బస్సులో ఇద్దరమును బయలుదేరినాము. దారిలో అతడు ఒక్క మాట కూడ మాటలాడలేదు. స్కానింగు గది ముందు బల్ల మీద మేము గోడ గడియారము చూచుచు కూర్చుంటిమి. మధ్యాహ్నమునకు కాగితము చేతికి వచ్చినది. అది క్యాన్సరు కాదు, వట్టి నీటి బుడ్డ, చిన్న ఆపరేషనుతో పోవును. అతడు అనుమతించినందుననే ఇది వ్రాయుచున్నాము. తిరుగు బస్సులో కిటికీ ప్రక్కన సీటు అతనికిచ్చినాము. పేరేచర్ల రాకమునుపే నిద్రపోయినాడు. నరసరావుపేటలో దిగునప్పుడు భుజము తట్టి లేపవలసి వచ్చినది.